చూపు లేనోళ్లకు పార్కుల ఏం పని? సెన్సరీ గార్డెన్ల గురించి అందరు అడిగే ప్రశ్నలు

నాది హన్మకొండ. ముప్పై దాటినంక ఆర్‌పీ అనే కంటి జబ్బుతోని చూపు పోయింది, ఇప్పుడు ఎండ ఉందా లేదా అన్నంత మటుకే తెలుస్తది. పొద్దుగాల పార్కుకు పోతనని చెప్తే చాలు, ఆటో అన్న కాడికెళ్లి మా పెద్ద బావ దాంక అందరు అవే ప్రశ్నలు అడుగుతరు. ఒక్కొక్కళ్లకు చెప్పి చెప్పి నోరు నొస్తుంది, అందుకే అన్ని ఒక్కకాడ రాసి పెడుతున్న. టాక్‌బ్యాక్ (ఫోన్ల ఉన్నది సదివి వినిపిచ్చేది) పెట్టుకొని వాయిస్ టైపింగ్ చేస్తున్న, ఒక అక్షరం అటో ఇటో అయితే మీరే సర్దుకోండ్రి.

ప్ర: సెన్సరీ గార్డెన్ అంటే ఏంది? మామూలు పార్కు కాదా?

పార్కే. కాకపోతే మామూలు పార్కును కండ్ల కోసం కడ్తరు, దూరంకెళ్లి సూస్తే పచ్చగ కనవడాలె, సెల్ఫీ మంచిగ రావాలె, గడ్డి కటింగ్ చేసినట్టు ఉండాలె. సెన్సరీ గార్డెన్ల చెట్టును ముట్టుకోవచ్చు, ఆకు నలిపి వాసన సూడొచ్చు, కొన్ని ఆకులు నోట్లె కూడ ఏస్కోవచ్చు. నీళ్ల సప్పుడు, ఆకుల సప్పుడు, కాలి కింద నేల ఎక్కడెక్కడ మారాలె, ఇవన్ని ముందే ఆలోచించి పెడ్తరు. మొక్కల మడులు నడుము ఎత్తుల కడ్తరు, వంగకుంటనే చెయ్యి అందుతది, వీల్‌చెయిర్ల ఉన్నోళ్లకు గూడ అందుతది. ఆటిజం ఉన్న పిల్లలకు, మతిమరుపు వచ్చిన ముసలోళ్లకు గూడ ఇసొంటి తోటలు పనికొస్తయ్, కానీ నేను నాకు తెలిసిన దిక్కుకెళ్లే చెప్త.

ప్ర: కండ్లు కనవడనప్పుడు పార్కుకు పోయి ఏం చేస్తరు?

మీరేం చేస్తరో అదే. నడుస్త, కూసుంట, పల్లీలు తింట, ఫోన్ల ముచ్చట పెడ్త.

అయినా జర వివరంగ చెప్త, ఎందుకంటే ఇదే అందరికన్న ఎక్కువ అడిగే ప్రశ్న. భద్రకాళి చెరువు కట్ట మీదికి పొద్దున ఆరింటికి ఎక్కినమనుకోండ్రి, మొదలు తెలిసేది గాలి. రోడ్డు మీద ఉన్నంతసేపు గాలి ముక్కలు ముక్కలుగ వస్తది, బిల్డింగు అడ్డం ఉంటే ఆగుతది, సందు రాంగనే మొఖం మీద కొడ్తది. కట్ట మీద అట్ల కాదు, చెరువు దిక్కుకెళ్లి ఒక్కతీరుగ వస్తనే ఉంటది, సల్లగ, జర నాచు వాసనతోని, ఇగ చెరువు ఎటుందో ఎవ్వరు చెప్పే పని లేదు. ఎండ ఏ చెంప మీద పడ్తుందో దాన్ని బట్టి తూర్పు తెలుస్తది. గుడి గంట వినవడ్తె గుడి ఎటుందో తెలుస్తది. ఎనుకకెళ్లి హారన్లు సన్నబడుకుంట పోతుంటే రోడ్డుకు ఎంత దూరం వచ్చిన్నో అర్థమైతది. అయిదు నిమిషాలల్ల నా తలకాయల మొత్తం జాగ ఒక నక్ష లెక్క తయారైతది.

చెట్టు కిందికి పోతే ఇంకో తీరు. ఎండ పోయి మొఖం సల్లబడ్తది, అది ఒక్కటే కాదు, సప్పుడు గూడ మారుతది, పైన కప్పు ఉన్నట్టు నా అడుగుల సప్పుడు నాకే దగ్గర్నుంచి వినవడ్తది. గోడ పక్కకెళ్లి పోతుంటే నా చేతికట్టె టక్‌టక్ అన్నది గోడకు తగిలి వాపస్ వస్తది, గోడ అయిపోంగనే ఆ సప్పుడు ఒక్కసారి ఖుల్లా అయితది. మీకు కండ్లుండి వీటిని పట్టించుకోరు గంతే, మీ చెవులకు గూడ ఇవన్ని వస్తనే ఉంటయ్.

సన్న తుంపర పడ్డదా, అప్పుడు సూడాలె మా మజా. టేకు ఆకు మీద టపటప, రేకుల షెడ్డు మీద డబడబ, లాన్ మీద సప్పుడే లేకుంట, సిమెంటు తొవ్వ మీద చిటచిట. అందాంక నా పక్కన బెంచీ ఉన్నదని తెల్వదు, వాన పడంగనే తెలుస్తది.

ఇవన్ని ఒక ఎత్తు. నాకు అన్నిటికన్న పెద్ద సుఖం ఏందంటే ఎవ్వరి చెయ్యి పట్టుకోకుంట ఒక రౌండ్ కొట్టి, నేను అనుకున్న బెంచీ మీదనే కూసొని, మళ్ల గేటు కాడికి నేనే వచ్చుడు. పదిహేనేండ్ల సంది ఇంట్ల ఎవరో ఒకరు ఎంబడి రావాలె, వాళ్లకు టైముండాలె, వాళ్లకు మూడుండాలె. అందుకే నేను తోటల గురించి ఎవ్వరడిగినా ఒక్కటే అంట, ముందు తొవ్వ మంచిగ చెయ్యున్రి, పువ్వుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ప్ర: అంటే మీ అసొంటోళ్లకు అసలుకే ఏం కనవడదా?

చానామందికి ఎంతో కొంత కనవడ్తది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల రెండు రకాలు రాసి ఉంటయ్. అద్దాలు పెట్టినా గూడ మంచి కన్నుతోని చూపు 3/60 కన్న తక్కువుంటే, లేకుంటే చూపు పరిధి 10 డిగ్రీల కన్న తక్కువుంటే అంధత్వం అంటరు. 3/60 అంటే మీకు 60 మీటర్ల దూరంకెళ్లి కనవడేది వాళ్లకు 3 మీటర్ల దగ్గరికి వస్తే గానీ కనవడదు. దానికి పైన 6/18 దాంక ఉన్నోళ్లది లో విజన్. నా ఆర్‌పీ ఏం చేస్తదంటే ముందు రాత్రి చూపు పోతది, తర్వాత పక్కల చూపు, ఆఖరుకు స్ట్రాల నుంచి సూసినట్టు మధ్యల ఇంత మిగుల్తది. మేనరికాలు ఎక్కువున్న మన దిక్కు ఇది ఎక్కువే వస్తది, మా నాయనకు అమ్మ మేనమామ బిడ్డే.

అందుకే తోటల రంగు కూడ కావాలె. లో విజన్ ఉన్నోళ్లకు ముద్దబంతి పువ్వు పసుపు, నారింజ రంగులు ఒక్కతాన కుప్పగ ఉంటే దూరంకెళ్లి మెరుస్తయ్, ఒక్కొక్క పువ్వు దూరం దూరం పెడితే కలిసిపోతయ్. మెట్టు అంచుకు పసుపు పట్టీ ఉంటే మెట్టు ఉన్నదని తెలుస్తది. నున్నగ మెరిసే గ్రానైట్ ఏస్తే మాత్రం ఎండకు కండ్లు జిగేల్‌మని ఉన్న కాస్త చూపు గూడ పోతది, దాన్ని ఎందుకు ఏస్తరో నాకు ఇప్పటికి సమజ్ గాలే.

ప్ర: కండ్లు పోతే ముక్కు, చెవులు డబుల్ పనిచేస్తయట గదా?

నా చెవులు మీ చెవుల లెక్కనే ఉన్నయ్. ఫరక్ ఎక్కడంటే నేను వాటి మాట ఇంట. మా అవ్వ బయటి అర్రల బియ్యం చెరుక్కుంట కూసొని "ఓ పిల్లా పప్పు అడుగంటుతుంది సూడు" అని అరిచేది, ఆమెకు కండ్లు మంచిగనే ఉండె. అలవాటు అది. పుట్టుకతోని చూపు లేనోళ్ల మెదడుల మాత్రం చూపుకు సంబంధించిన భాగం ముట్టుకునుడుకు, వినుడుకు గూడ పనిచేస్తదని డాక్టర్లు స్కాన్‌లు తీసి చెప్పిన్రు. నా లెక్క నడుమల పోయినోళ్లకు మాత్రం ఏండ్లు పడ్తది. మొదటి రెండేండ్లు నాకు పుదీనకు తులసికి తేడా తెలుస్తలేకుండె అంటే నమ్మున్రి.

ప్ర: మన దిక్కు ఏ చెట్లు పెడితే బాగుంటది?

ఇది అడిగితే నాకు ఖుషీ. చానామంది నర్సరీకి పోయి లావెండర్, రోజ్‌మేరీ ఉన్నయా అని అడుగుతరు. అవి మధ్యధరా సముద్రం దిక్కు చెట్లు, మన వాతావరణంల పెంచుడు కష్టం. మనకు మన చెట్లే మస్తు ఉన్నయ్.

ఆకు ముట్టుకుంటేనే వాసన వచ్చేటివి వేరే, ముట్టకున్నా వాసన పంపేటివి వేరే, ఈ తేడా తెలుసుకోవాలె. తులసి, మరువం, దవనం, నిమ్మగడ్డి, వామాకు, పుదీన, కరివేపాకు, ఇవి నలిపితే గానీ వాసన ఇయ్యవు, అందుకే చేతికి అందేటట్టు తొవ్వ అంచుకు పెట్టాలె. మల్లె, సన్నజాజి, సంపెంగ, నైట్‌క్వీన్ దూరంకెళ్లే పిలుస్తయ్, ఇవి మలుపు కాడ, గేటు కాడ, బెంచీ కాడ పెట్టాలె. మల్లె వాసన వచ్చిందంటే ఎడమకు తిరగాలె అని నాకు యాదుంటది.

పారిజాతం అయితే రెండు పనులు చేస్తది. పువ్వు రాత్రి పూసి తెల్లారేసరికి కింద రాలుతది, పొద్దున పోతే చెట్టు కింద నేలంత మెత్తగ, వాసన వాసన. ఆకు ముట్టుకుంటే అచ్చం గరుకు కాయితం, వడ్లాయన చెక్క రుద్దేది ఉంటది సూడున్రి, గట్ల. ఇంత సన్నటి పువ్వుకు గింత గరుకు ఆకు ఏంది అని మొదటిసారి నవ్వొచ్చింది. పొగడ పువ్వు ఎండినా వాసన పోదు, జేబుల పెట్టుకుంటే నాలుగు రోజులు ఉంటది. రణపాల ఆకు మందంగ, సల్లగ, అంచుకు గంట్లు గంట్లుగ ఉంటది. వట్టివేరుకు నీళ్లు కొడితే ఎండకాలం కూలర్ల వచ్చే వాసన వస్తది. అత్తిపత్తి పిల్లలకు భలే ఇష్టం, ముట్టుకోంగనే ముడుసుకుంటది, ఆకు ముడుసుకునుడు ఏలి కొనకు తెలుస్తది. కాకపోతే దాని కాడకు సన్న ముండ్లుంటయ్, చెప్పి ముట్టియ్యాలె.

సప్పుడుకు రావి చెట్టును మించింది లేదు, మీకు గాలి ఉన్నదని తెల్వకముందే దాని ఆకులు గలగల అంటయ్. వెదురు పొద అయితే గాలికి ఆకులు సరసరమంటయ్, బొంగులు ఒకదానికొకటి రాసుకొని కిర్రుమంటయ్.

ఇగ అసలు మాట. మన దగ్గర సెన్సరీ గార్డెన్ కడితే బతుకమ్మ మడి లేకుంటే అది మన తోట ఎట్లయితది? తంగేడు, గునుగు, సీతజడ, బంతి, కట్ల పువ్వు, గుమ్మడి పువ్వు, ఇవి అన్ని చెయ్యికి ఒక్కొక్కటి ఒక్కో తీరు. గునుగు పిల్లి తోక లెక్క మెత్తగ మొదలైతది, ఎండితే గరుకు, సీతజడ ముడతలు ముడతలు మఖ్మల్ గుడ్డ లెక్క, బంతి రెక్కలు గుండ్రంగ కుక్కినట్టు, తంగేడు సన్నగ తేలిక. మా అక్క బతుకమ్మ పేరుస్తుంటే నేను పక్కన కూసొని పువ్వు అందిస్త, వాసన సూడకుంటనే ఏ పువ్వో చెప్త, ఇప్పటిదాంక ఒక్క కట్ల పువ్వు కాడనే తప్పిన. వేయిస్తంభాల గుడి కాడ ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆడోళ్ల చప్పట్లు, పాట ఒక రౌండుగ తిరుగుతుంటే మధ్యల నిలవడి వినున్రి, చుట్టు ఎంతమంది ఉన్నరో లెక్కపెట్టొచ్చు అనిపిస్తది.

ప్ర: వాసన చెట్లన్ని ఒక్కతాన పెడితే ఇంకా జబర్దస్తుగ ఉంటది గదా?

ఉండదు. అగర్‌బత్తీల దుకాణంల నిలవడ్డట్టు ఉంటది. ముక్కు ఒకటే వాసనకు కొద్దిసేపట్లనే అలిసిపోయి దాన్ని పట్టించుకునుడు బంద్ చేస్తది. అది గాక మల్లె, నైట్‌క్వీన్, సంపెంగ పక్కపక్కకు ఉంటే ఏది ఎక్కడికెళ్లి వస్తుందో తెల్వక నాకు తొవ్వ తప్పుతది. మధ్యల ఏ వాసన లేని పది అడుగులు వదలాలె, ఉత్త గడ్డి, ఉత్త గాలి. వాసనను సైన్‌బోర్డు లెక్క వాడాలె, మలుపుకు ఒకటి.

ప్ర: ముట్టుకోవద్దని బోర్డు ఉంటది గదా, వాచ్‌మన్ తిట్టడా?

తిడ్తడు. పేరు చెప్పను, ఒక పార్కుల నేను గులాబి ఆకు పట్టుకుంటే "ఏ పెద్దమనిషీ, పువ్వులు తెంపొద్దని రాసింది కనవడ్తలేదా" అన్నడు. లేదన్న. పాపం అటెన్క పది రోజులు నన్ను సూస్తే చాయ్ తాగుతవా సార్ అని అడిగెటోడు. తప్పు ఆయనది గాదు, పార్కు అంటే చెట్టును చేతితోని సూసేటోళ్లు గూడ వస్తరని ఆయనకు ఎవ్వరు చెప్పలే.

ముట్టుకునే మడికి కొన్ని రూల్స్ ఉంటే మంచిది. ఎప్పటికప్పుడు నలిగిపోతయ్ కాబట్టి తొందరగ చిగురేసే చెట్లు పెట్టాలె, పుదీన, వామాకు అసొంటివి. ఒక్కో రకం ఒక్క మొక్క గాకుంట అయిదారు పెడితే ఒకటి పోయినా ఇంకోటి ఉంటది.

ప్ర: ముండ్లు, పురుగు పుట్ర, విషం చెట్లు, భయం కాదా?

ముండ్లకు అంత భయం లేదు, నిదానంగ చెయ్యి ఎనుక దిక్కుతోని ముందు తాకి సూస్తం. నాకు భయం గన్నేరుకు. గన్నేరు, పచ్చగన్నేరు చెట్టు మొత్తం విషమే, ఆకు నోట్లె పెట్టుకుంటే గుండెకే ఎసరు. మన దిక్కు రోడ్డు డివైడర్ల మీద, పార్కు కంచెకు దాన్నే పెడ్తరు, నీళ్లు పొయ్యకున్నా బతుకుతదని. మామూలు పార్కుల సరే, ముట్టుకొని రుచి సూడున్రి అని పిలిచే తోటల మాత్రం అది ఉండొద్దు. జిల్లేడు, ఉమ్మెత్త గూడ ఉండొద్దు, జిల్లేడు పాలు చేతికి అంటి కన్ను నలుపుకుంటే ఉన్న చూపు గూడ పోయే ప్రమాదం. వయ్యారిభామ పీకకుంటే కొందరికి ఒంటి మీద దద్దుర్లు వస్తయ్.

ఇంకోటి, తలకు తగిలే కొమ్మలు. కట్టె కింద నేలనే సూస్తది, పైన మొఖానికి అడ్డం వచ్చే కొమ్మను సూడది. తొవ్వ మీద 2.1 మీటర్ల ఎత్తు దాంక ఏం ఉండొద్దు. నా నుదుటి మీద ఉన్న గీత ఏ తుంటరి పని గాదు, వేపకొమ్మది.

ప్ర: పార్కులల్ల పసుపు పచ్చ గరుకు టైల్స్ ఎందుకు ఏస్తరు? డిజైనా?

డిజైన్ గాదు, అవి మా రోడ్డు. జపాన్‌ల సెయిచి మియాకే అనే ఆయన 1965ల తయారు చేసిండు, 1967ల ఒకాయామా అనే ఊర్ల అంధుల బడి దగ్గర మొట్టమొదటిసారి ఏసిన్రు. పొడుగు గీతలున్న టైల్ అంటే ఇటు పో అని, బొడిపెలు ఉన్నదంటే ఆగు, ముందు మెట్టో రోడ్డో ఉన్నదని. చెప్పులు ఏసుకున్నా పాదానికి తెలుస్తది. పసుపు ఎందుకంటే లో విజన్ ఉన్నోళ్లకు కనవడాలని.

అది తెల్వకుంట ఏస్తే ఏమైతదో చెప్త. మేము నలుగురం పోయిన ఒక కొత్త పార్కుల, దాని పేరు వద్దుతియ్, గీతల టైల్ పట్టుకొని ముచ్చట పెట్టుకుంట పోతున్నం, సక్కగ తీస్కపోయి కరెంట్ స్తంభానికి కొట్టిచ్చింది. టైల్ స్తంభం దాంక వచ్చి, స్తంభం అటు పక్క మళ్ల మొదలైంది. ఇంకో జాగల బొడిపెలు మొత్తం తొవ్వంత పరిసిన్రు, అంటే అడుగడుగుకు ఆగు ఆగు అన్నట్టు. ఏసినాయనకు అది టైల్ గంతే. పెట్టకముందు మాలాంటోడిని ఒకణ్ని పిలిచి నడిపిచ్చి సూస్తే పైస ఖర్చు లేదు.

టైల్స్‌కు పైసలు లేకున్నా తొవ్వ చెయ్యొచ్చు. సిమెంటు తొవ్వకు రెండు పక్కల నాలుగైదు ఇంచుల అంచు కడితే కట్టె దాన్నే పట్టుకొని పోతది. బెంచీ ఉన్నకాడ సిమెంటుకు బదులు ఇటుక పరవాలె, కాలికి తెలుస్తది, ఇక్కడ కూసోవచ్చని.

ప్ర: బ్రెయిలీ బోర్డులు పెడితే సరిపోతది గదా?

పెట్టాలె, కానీ దాంతోని అయిపోయిందనుకోవద్దు. బ్రెయిలీ అంటే ఉబ్బెత్తు చుక్కలను ఏళ్లతోని తడిమి సదివే లిపి, అది చిన్నప్పుడు బడిల నేర్చుకున్నోళ్లకు వస్తది, నా లెక్క ముప్పై దాటినంక చూపు పోయినోళ్లల్ల చానామందికి రాదు. షుగర్‌తోని చూపు పోయినోళ్లు మన దగ్గర తక్కువేం లేరు, షుగర్ ముదిరితే ఏళ్ల కొసలకు స్పర్శ గూడ తగ్గుతది, ఆరు చుక్కలు చేతికి దొరకయ్. నాకు బ్రెయిలీ వస్తది, నలభైల నేర్చుకున్న, పేజీ సదవాలంటే ఒక సినిమా సూసినంత టైం పడ్తది.

పెడితే తెలుగు బ్రెయిలీల పెట్టాలె, మన దేశం భాషలకు చేసిన భారతి బ్రెయిలీల మన అక్షరాలన్నిటికి చుక్కలున్నయ్. కొన్ని జాగలల్ల ఇంగ్లీషుల పెట్టి చేతులు దులుపుకుంటరు. నడుము ఎత్తుల జర వాలుగ పెట్టాలె, గోడకు ఆరడుగుల పైన పెడితే ఎవ్వరు సదువుతరు? స్టీలు రేకు మీద అస్సలు వద్దు, ఏప్రిల్‌ల మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే.

ప్ర: మరి క్యూఆర్ కోడ్?

మంచిదే, స్కాన్ చేస్తే చెట్టు పేరు ఫోన్ల చదువుతది. కోడ్ ఎక్కడున్నదో మాకు దొరకాలె గదా. చుట్టు ఉబ్బెత్తు గీత కొట్టి, అన్ని బోర్డులకు ఒక్క మూలకే పెడితే దొరుకుతది. ఇప్పటికైతే నాకు మా తోటమాలి తాత నయం, "ఇది ఏం చెట్టు తాతా" అంటే పేరు చెప్పి, దాని కషాయం దేనికి పనికొస్తదో, వాళ్ల ఊర్ల దాన్ని ఏమంటరో అన్ని చెప్తడు.

ప్ర: ఫౌంటెన్, పాటలు పెడితే బాగుంటదా?

సన్నగ పారే నీళ్లు బాగుంటయ్, ఎటు పోతున్నమో దాన్ని బట్టి తెలుస్తది. పెద్ద ఫౌంటెన్ ఝుమ్మని కొడ్తుంటే మాత్రం పక్కకెళ్లి సైకిల్ వచ్చినా వినరాదు, మాకు అది పొగమంచు లెక్క. స్పీకర్ల పాటలు గూడ గంతే. పాటలు ఇంట్ల ఉన్నయ్, పార్కుల నాకు కోయిల, ఉడుత, పిల్లల లొల్లి కావాలె.

ప్ర: ఏ టైముకు పోతే మంచిది?

వాసనకు పొద్దు ఎక్కకముందు, లేకుంటే పొద్దుగూకినంక. మల్లె సాయంత్రం విచ్చుకుంటది, పారిజాతం తెల్లారేసరికి అయిపోతది. మధ్యాహ్నం ఏ వాసన ఉండదు, ఎండ వాసన తప్ప. కాలం అంటే నేను మృగశిర కార్తె నుంచి దసరా దాంక అంట. తొలకరి వాసన ఉంటది సూడున్రి, మట్టిల ఉండే సన్న జీవులు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం అది, చినుకు పడంగనే లేస్తది, మనిషి ముక్కు దాన్ని రవ్వంత ఉన్నా పట్టేస్తది. అప్పుడు తొవ్వ మీద నాచు జారుతది, అది గూడ యాదుంచుకోవాలె.

ప్ర: మేము ఎంబడి వస్తే ఎట్ల తీస్కపోవాలె?

గుంజకున్రి. భుజాలు పట్టుకొని నూకకున్రి. మీ మోచెయ్యి పైన మేము పట్టుకుంటం, మీరు అర అడుగు ముందు నడవాలె, మెట్టు వస్తే జర ఆగి ఎక్కేదా దిగేదా చెప్పాలె. "అగో అక్కడ" అంటే మాకు ఏం తెల్వదు, ఎడమకు పది అడుగులు అనాలె. చెట్టు కాడికి తెచ్చి మా చెయ్యి పట్టుకొని ఆకు మీద ధడేల్మని పెట్టొద్దు, "నీ కుడి చెయ్యి కాడ రణపాల ఉంది" అంటే మేమే ఎతుక్కుంటం.

రంగులు చెప్పకూడదేమో, బాధపడ్తరేమో అనుకుంటరు కొందరు. నాకైతే చెప్పాలె. ఎరుపు అంటే నాకు ఇప్పటికి మోదుగుపూలే యాదికొస్తయ్, మా ఊరి బాయి కాడ హోలీకి ఉడకబెట్టినయ్. పుట్టుకతోని లేనోళ్లు కొందరు రంగు ముచ్చట వద్దంటరు, అడిగి చెప్పున్రి. మౌనంగ కూసొనుడు గూడ పార్కుల ఒక పనే, అన్నిటికి కామెంట్రీ అక్కర్లే.

ప్ర: ఇసొంటి తోటలు ఎక్కడన్న ఉన్నయా?

అమెరికాల బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్ల 1955ల ఫ్రాగ్రెన్స్ గార్డెన్ అని పెట్టిన్రు, ఆలిస్ రెక్‌నగెల్ ఐరీస్ అనే ఆమె డిజైన్ చేసింది, మడులు ఎత్తుగ, బ్రెయిలీ పేర్లతోని. మన దేశంల ఢిల్లీ రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ల స్పర్శ తోట ఉంది, కేరళల కాలికట్ యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్ల ముట్టుకొని సూసే తోట ఉంది.

ప్ర: అయితే చూపు లేనోళ్లకు వేరే పార్కే కట్టియొచ్చు గదా?

మా పెద్ద బావ ప్రశ్న ఇది. ఆయనది మంచి మనసే, కానీ నేను మా ఇంటామెతోని, పిల్లలతోని పార్కుకు పోవాలె గదా, వాళ్లు గేటు బయట కూసుంటరా? ఊరి అవతల ఒక మూలకు తోట కట్టి తాళం ఏసి, ఏడాదికి ఒక్కసారి డిసెంబర్ 3, దివ్యాంగుల దినం నాడు తీసి ఫొటోలు దిగితే అది ఎవ్వరికి పనికొస్తది? ఇప్పుడున్న పార్కులనే, అందరు నడిచే తొవ్వనే మంచిగ చేసి, దాని పొంటి రెండు ముట్టుకునే మడులు పెడితే చాలు. మీ పిల్లలు గూడ ముట్టుకుంటరు, ఎవరొద్దన్నరు.

ప్ర: మా కాలనీ పార్కుల కావాలంటే ఎవర్ని అడగాలె? చట్టం ఉన్నదా?

ఉన్నది. 2016 చట్టం ప్రకారం జనం వాడుకునే జాగలు దివ్యాంగులకు అందుబాటుల ఉండాలె. రాజీవ్ రతూరి అని, ఆయనకు గూడ చూపు లేదు, 2005ల సుప్రీంకోర్టుకు పోయిండు, రోడ్లు, బిల్డింగులు మాకు పనికొచ్చేటట్టు లేవని. ఆ కేసుల 2024 నవంబర్ 8 నాడు కోర్టు ఏం చెప్పిందంటే, ఇవి ఉత్త సలహాల లెక్క ఉంటే నడవదు, తప్పనిసరి రూల్స్ చెయ్యాలె, మూడు నెలలల్ల అని. కోర్టు ముంగట పెట్టిన రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ దివ్యాంగుల అధ్యయన కేంద్రందే.

మీరైతే కాలనీ కమిటీ తీర్మానం పట్టుకొని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇయ్యున్రి, ఒక కాపీ మున్సిపల్ ఆఫీసుల. సెన్సరీ గార్డెన్ కావాలె అని పెద్దగ రాస్తే ఫైల్ పైకి పోయి అక్కడనే ఉంటది. గేటు కాడ బండ్లు రాకుంట పెట్టిన ఇనుప అడ్డం మార్చాలె, తొవ్వకు అంచు కట్టాలె, కొమ్మలు కొట్టాలె, ఫలానా బెంచీ పక్కన ఒక తులసి, మరువం మడి పెట్టాలె, అని విడిగ రాస్తే పని అయ్యే చాన్స్ ఉంటది. మా కాలనీల అంచు అయ్యింది, కొమ్మలు అయినయ్, ఇనుప అడ్డం ఇంకా అట్లనే ఉంది, నేను ఇప్పటికి దాన్ని పక్కకు తిరిగి దాటుతున్న.

ప్ర: ఇంటి మేడ మీద కుండీలల్ల చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, నాకు పద్నాలుగు కుండీలున్నయ్. పిట్టగోడ పొంటి వరుసగ పెట్టున్రి, వరుస గుర్తుండాలె, ఒక కొసకు ముట్టకున్నా వాసనొచ్చే మల్లె పెడితే ఎక్కడ మొదలో తెలుస్తది. కుండీ అంచుకు రబ్బర్ బ్యాండ్లు ఏసి గుర్తు పెట్టుకోవచ్చు, ఒకటి అంటే తులసి, రెండు అంటే పుదీన. నీళ్లు పోసేటప్పుడు ఏలు మట్టిల పెట్టి సూస్తే తడి తెలుస్తది. మేడ కడగడానికి కుండీలు జరిపితే మాత్రం మళ్ల అక్కడనే పెట్టమని ఇంట్లోళ్లకు గట్టిగ చెప్పున్రి. మొన్న మా ఇంటామె మరువం కుండీ తీసి పుదీన జాగల పెట్టింది, రబ్బర్ బ్యాండ్లు గూడ ఊడినయ్, పొద్దుగాల చుట్టాలు వస్తే నలుగురికి మరువం చాయ్ పోసిన. మా పెద్ద బావ ఇంకో కప్పు అడిగిండు.